పికప్ కోసం ముందు ఏది మార్చాలి? వెనక గేరా, కన్వర్టరా?

ఆర్మూర్ నుంచి మీ అన్న మళ్లీ వచ్చిండు.

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ కాల్‌తో మొదలైంది. మా మేనబావ అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటడు. చిన్నప్పటి నుంచి పాత కార్ల పిచ్చి. మొన్న ఒక పాత ఫోర్డ్ మస్టాంగ్ కొన్నడు. 1960ల నాటి బండి, వీ8 ఇంజిన్, మూడు గేర్ల ఆటోమేటిక్. ఫోన్ చేసి ఏమన్నడంటే, "బండి సౌండ్ చూస్తే పులి. సిగ్నల్ దగ్గర లేవమంటే బర్రె లెక్క లేస్తది. ఒకాయన వెనక క్రౌన్-పినియన్ మార్చమంటుండు. ఇంకొకాయన టార్క్ కన్వర్టర్ మార్చమంటుండు. రెండిటికీ ఒకేసారి పైసల్లేవు. ముందు ఏది చెయ్యాలె?"

మీరు అనుకుంటరు, ఆర్మూర్‌ల మస్టాంగ్ ఎక్కడిది, మాకెందుకీ ముచ్చట అని. కానీ ఇదే ప్రశ్న నాకు ఇక్కడ కూడా ఎప్పుడూ వస్తనే ఉంటది. "అన్నా, బైక్‌కు ముంగట చిన్న స్ప్రాకెట్ ఎయ్యాల్నా?" "అన్నా, స్కూటీకి క్లచ్ స్ప్రింగులు గట్టివి ఎయ్యాల్నా?" బండి పేరు మారింది కానీ లెక్క ఒక్కటే. వెనక ఇరుసులో గేరు అంటే మన బైక్‌లో చైన్ స్ప్రాకెట్. టార్క్ కన్వర్టర్ చేసే పనికి దగ్గరి చుట్టం మన స్కూటీలో ఉండే క్లచ్. అందుకే ఈ రోజు మన బండ్లతో మొదలుపెట్టి మస్టాంగ్ దాకా పోదాం.

నేను చేసిన తప్పు

ముందు నా సంగతి చెప్తా. డిగ్రీ చదివే రోజుల్లో నా దగ్గర ఒక చిన్న కమ్యూటర్ బైక్ ఉండేది. నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కేటప్పుడు ఇద్దరం కూర్చుంటే గుంజేది కాదు. దోస్తులు నవ్వేటోళ్లు. ముందు స్ప్రాకెట్ 14 పళ్లది తీసి 12 పళ్లది ఎక్కించిన. ఎవరూ చెప్పలే, నా చేతులతో నేనే చేసిన.

మొదటి రోజు పండుగే. గుట్ట మూడో గేరులో ఎక్కింది. బజార్ల అందరికంటే ముందు నేనే లేస్తున్న. ఇంకేముంది, కాలర్ ఎగరేసిన.

పది రోజుల తర్వాత మా తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకొని మెట్‌పల్లి రోడ్డు మీద పోతున్న. ముందు లోడు లారీ. ఎదురుంగ ఖాళీ కనిపించింది, ఓవర్‌టేక్‌కు దిగిన. ఎప్పుడూ చేసే ఓవర్‌టేకే. కానీ ఈసారి సగం లారీ దాటేసరికి ఇంజిన్ గొంతు చించుకుంటున్నది, స్పీడు మాత్రం పెరుగుతలేదు. పై గేరు ఎయ్యబోయిన. ఇంక గేర్లు లేవు, ఆఖరు గేరులోనే ఉన్న. ఎదురుంగ బస్సు వస్తున్నది. బ్రేకు కొట్టి మళ్లా లారీ వెనక్కి దూరిన. బస్సు గాలి మా మోకాళ్లకు తాకింది. తమ్ముడు ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలే.

ఆ రోజు బండి చెడిపోలేదు. నేను మార్చిన లెక్కే నాకు తెల్వలేదు. పికప్ పెరిగిందని సంబురపడ్డ, దానికి బదులు ఏం ఇచ్చిన్నో చూసుకోలే. ఈ ఎపిసోడ్ అంతా ఆ లెక్క గురించే.

గేరు అంటే బలం పుట్టించేది కాదు, మార్పిడి చేసేది

పళ్ల లెక్క చూద్దాం. ముందు 14, వెనక 42 పళ్లు అనుకుందాం. 42ను 14తో భాగిస్తే 3. అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతది. దీన్నే రేషియో అంటం.

ముందు 12 పళ్లది ఎక్కిస్తే, 42 భాగించు 12, మూడున్నర. ఇప్పుడు చక్రం ఒక చుట్టు తిరగాలంటే మూడున్నర చుట్లు కావాలె. చక్రానికి చేరే లాగుడు దాదాపు 17 శాతం పెరిగింది. గుట్ట ఎక్కింది అందుకే. కానీ అదే స్పీడులో ఇంజిన్ కూడా 17 శాతం ఎక్కువ తిరగాలె.

లెక్కకు అనుకోండి, పాత సెట్‌తో ఆఖరు గేరులో 60 కిలోమీటర్ల స్పీడుకు ఇంజిన్ 5,000 ఆర్పీఎం తిరుగుతున్నది. కొత్త సెట్‌తో అదే 60కి 5,800 దాటుతది. ఇంజిన్ 8,000 కంటే ఎక్కువ తిరగదు అనుకుంటే, పాత సెట్ మీద ఆ హద్దు 96 కిలోమీటర్ల దగ్గర వస్తది. కొత్త సెట్ మీద 82 దగ్గరే వస్తది. ఆ మధ్యలో ఉన్న 14 కిలోమీటర్లే నాకు లారీ పక్కన లేకుండా పోయినయి.

అంటే ఇంజిన్ ఇచ్చే పవర్ పైసా పెరగలేదు. స్పీడు ఇచ్చి లాగుడు కొనుక్కున్నం. మా బాపు ట్రాక్టర్ నడిపేటప్పుడు ఇదే మాట వేరేగా అనేటోడు. పసుపు బస్తాలు ట్రాలీ నిండా వేసుకొని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బయలుదేరేటప్పుడు నేను రేస్ పెంచబోతే, "తొక్కుడు కాదురా, గేరు చూడు" అనేటోడు. లోడును బట్టి గేరు. ఖాళీ ట్రాలీకి ఏసే గేరు నిండు ట్రాలీకి పనికిరాదు, నిండు ట్రాలీ గేరులో ఖాళీగా వస్తే డీజిల్ కాలుతది, ఇంటికి చేరం.

ఇంకో రెండు మాటలు యాదికి పెట్టుకోండి. ముందు స్ప్రాకెట్ మరీ చిన్నదైతే చైన్ మరీ గట్టిగా వంగుతది, జల్దీ అరుగుతది. రెండోది, స్పీడోమీటర్. ముందు చక్రం నుంచి రీడింగ్ తీసుకునే బండికి తేడా రాదు. గేర్‌బాక్స్ దగ్గర సెన్సార్ ఉన్న బండికి స్ప్రాకెట్ మారిస్తే మీటర్ తప్పు చూపిస్తది. మీకు 70 అని చూపిస్తది, నిజంగా మీరు 60లో ఉంటరు.

కన్వర్టర్ ఏం చేస్తది?

ఇప్పుడు రెండో సామాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి కరెంటు ఇయ్యండి, రెండోదానికి వద్దు. మొదటి ఫ్యాన్ గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుడు మొదలుపెడతది. రెండిటి మధ్య ఇనుప లింకు లేదు, గాలే లింకు. టార్క్ కన్వర్టర్‌లో గాలికి బదులు ఆయిల్ ఉంటది. ఇంజిన్ వైపు ఉన్న ఫ్యాన్‌ను పంప్ అంటరు, గేర్‌బాక్స్ వైపుది టర్బైన్. ఇంజిన్ ఆగకుండా బండి సిగ్నల్ దగ్గర నిలబడేది ఇందుకే. టర్బైన్ ఆగినా పంప్ తిరుగుతనే ఉంటది.

వీటి నడుమ మూడో రెక్కల చక్రం ఉంటది, పేరు స్టేటర్. టర్బైన్ నుంచి తిరిగి వచ్చే ఆయిల్ దారిని మళ్లించి, పంప్‌కు సాయపడేటట్టు పంపుతది. అందుకే బండి నిలబడి లేచే క్షణంలో ఇంజిన్ ఇచ్చిన టార్క్ గేర్‌బాక్స్‌కు చేరేసరికి సుమారు రెండింతలు అయితది. బండి స్పీడు అందుకున్న కొద్దీ ఆ పెంపు తగ్గిపోతది. రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే స్పీడుకు వచ్చినంక పెంపు ఏమీ ఉండదు, ఉన్నది ఉన్నట్టు దాటిస్తది.

ఇక్కడ "స్టాల్ స్పీడ్" అనే మాట వినబడతది. బ్రేకు తొక్కి పట్టి, బండి కదలకుండా ఫుల్ రేస్ ఇస్తే ఇంజిన్ ఎంత ఆర్పీఎం దాకా పోగలదో అది స్టాల్. మామూలు కంపెనీ కన్వర్టర్లకు ఇది 1,500 నుంచి 2,000 మధ్య ఉంటది. రేసు బండ్లకు 3,000, ఇంకా పైన కూడా పెడతరు. ఒక్క మాట, ఇది ఇంట్ల చేసి చూసే పరీక్ష కాదు. కొన్ని సెకన్లలోనే ఆయిల్ కాలిపోయేంత వేడెక్కుతది, బ్రేకు జారితే బండి గోడలోకి పోతది.

ఎక్కువ స్టాల్ కన్వర్టర్ బలం పుట్టిస్తదా? లేదు. ఇంజిన్‌ను దాని బలం ఉన్న చోటు దాకా తిరగనిచ్చి, అప్పుడు బండిని గట్టిగా పట్టుకుంటది. అంతే. మన స్కూటీలో వెనక క్లచ్ కూడా ఇదే చేస్తది. స్ప్రింగులు గట్టివి ఎస్తే క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటది, అప్పటికి ఇంజిన్ రేస్ మీద ఉంటది, బండి ఎగిరి లేస్తది. స్కూటీ క్లచ్‌కు టార్క్‌ను రెండింతలు చేసే స్టేటర్ లేదు, ఆ తేడా ఉంది. కానీ "ఎప్పుడు పట్టుకోవాలె" అనే ముచ్చట ఒకటే.

మరి ఖర్చు ఏంది? జారుడు. జారిన చోట వేడి పుడతది. కన్వర్టర్‌లో జారుడు అంటే ఆయిల్ వేడి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను చంపేది ఎక్కువగా ఆ వేడే. ముగ్గురు ఎక్కి స్కూటీ మీద గుట్ట ఎక్కితే వెనక నుంచి మాడు వాసన వస్తది చూడండి, గదే.

ఇప్పుడు మస్టాంగ్ దగ్గరికి

మస్టాంగ్ 1964 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. పాంటియాక్ జీటీవో కూడా 1964 మోడల్‌గానే వచ్చింది. మజిల్ కారు అనే ముచ్చట దానితోనే మొదలైందని చాలామంది చెప్తరు. ఆ కాలం ఫోర్డ్ సీ4 ఆటోమేటిక్‌లో మూడే గేర్లు. మొదటిది 2.46, రెండోది 1.46, మూడోది 1. ఇప్పటి కార్ల లెక్క హైవే కోసం ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. అంటే మూడో గేరులో ఇంజిన్ ఎంత తిరుగుతదో వెనక ఇరుసులో ఉన్న రేషియో ఒక్కటే చెప్తది. పైగా కన్వర్టర్‌ను గట్టిగా కట్టేసే లాకప్ కూడా లేదు. క్రైస్లర్ వాళ్లు టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్స్‌లో లాకప్ తెచ్చింది 1978 మోడల్‌తో.

మా బావ బండి వెనక ఉన్నది 3.00. టైరు ఎత్తు 66 సెంటీమీటర్లు అనుకుంటే, 100 కిలోమీటర్ల స్పీడుకు చక్రం నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతది. స్క్రీన్ మీద లెక్క చూడండి.

3.00 గేరుకు ఇంజిన్ సుమారు 2,400 ఆర్పీఎం.
3.55 గేరుకు సుమారు 2,850.
4.10 గేరుకు సుమారు 3,300.

కన్వర్టర్ జారుడు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. లేచేటప్పుడు లాగుడు చూస్తే, 3.00 నుంచి 3.55కు 18 శాతం లాభం. 4.10కు పోతే దాదాపు 37 శాతం. వీడియోల్లో అందరూ 4.10 అనేది ఇందుకే. కానీ మా బావ రోజూ ఆఫీసుకు పోయేది హైవే మీద. 3,300 మీద ఇంజిన్ రోజూ గంట సేపు అరుస్తా ఉంటే పెట్రోలు సంగతి అటుంచండి, చెవులు ఏం కావాలె?

మరి ముందు ఏది? మూడు ప్రశ్నలు

నేను బావను మూడు ప్రశ్నలు అడిగిన. మీరు మీ బండిని కూడా ఇవే అడగండి.

ఒకటి. బాధ ఎక్కడుంది? లేచేటప్పుడు మొదటి పది మీటర్లలోనా, లేక అన్ని చోట్లా? కన్వర్టర్ పని ఎక్కువగా లేచేటప్పుడే. గేరు పని మొదటి మీటరు నుంచి ఆఖరు కిలోమీటరు దాకా. దాని లాభం ప్రతి చోటా వస్తది, దాని ఖర్చు కూడా ప్రతి చోటా వస్తది.

రెండు. ఇంజిన్‌కు బలం ఎక్కడ మొదలైతది? కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న పాత వీ8కు కింది ఆర్పీఎంలోనే మంచి టార్క్ ఉంటది. దానికి 3,000 స్టాల్ కన్వర్టర్ పెడితే చేతికి వచ్చేది తక్కువ, పుట్టే వేడి ఎక్కువ. అదే రేసు క్యామ్‌షాఫ్ట్ ఏసిన ఇంజిన్‌కు 2,500 దాకా ఊపిరి ఉండదు. దానికి కంపెనీ కన్వర్టర్ ఉంటే లేచేటప్పుడు ఉక్కిరిబిక్కిరి అయితది. అక్కడ ముందు కన్వర్టరే మార్చాలె.

మూడు. రోజూ ఏ స్పీడులో, ఎంత దూరం పోతవు? హైవేలో ఇంజిన్ తిరిగే ఆర్పీఎం కన్వర్టర్ స్టాల్ కంటే పైన ఉండాలె. స్టాల్ అనేది ఫుల్ రేస్ లెక్క, మెల్లగా పోతే అంత జారదు, నిజమే. కానీ 2,400 మీద తిరిగే బండికి 3,000 స్టాల్ పెడితే, కొంచెం ఎత్తు ఎక్కినప్పుడల్లా జారుతది, ఆయిల్ కాగుతది. అందుకే ఎక్కువ స్టాల్, తక్కువ గేరు జోడీ కుదరదు. రెండూ ఒకదాన్నొకటి చూసుకొని పెట్టాలె.

బావ జవాబులు ఇవి. బాధ అన్ని చోట్లా ఉంది. ఇంజిన్ కంపెనీది, ముట్టుకోలేదు. రోజూ హైవే. ఇంకేముంది, జవాబు దానంతట అదే వచ్చింది. ముందు గేరు, అది కూడా 4.10 కాదు, 3.55. కన్వర్టర్ ఉన్నదే ఉండనీ. గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ఒకటి పెట్టించు. ఎప్పుడన్న ఇంజిన్‌లో క్యామ్ మారిస్తే, ఆ రోజు కన్వర్టర్ గురించి మళ్లా మాట్లాడుకుందాం.

చెయ్యి పెట్టే ముందు

సామాను కొనే ముందు ఉన్నది ఏందో కొలవాలె. కారు వెనక భాగం లేపి స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టైరుకు ఒక చాక్‌పీసు గీత, కింద తిరిగే షాఫ్ట్‌కు ఒక గీత పెట్టండి. రెండు చక్రాలు కలిసి ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్క చక్రమే తిరుగుతుంటే, రెండో చక్రాన్ని కదలకుండా పట్టి, దీన్ని రెండు చుట్లు తిప్పి లెక్కపెట్టాలె. బైక్‌కైతే ఇంకా అలకగా అయితది. వెనక పళ్లు, ముందు పళ్లు లెక్కపెట్టి భాగించండి, గంతే.

దానికంటే ముందు పైసా ఖర్చు లేని పనులు చూడండి. టైర్లల్ల గాలి ఉందా? వెనక బ్రేకు పట్టేసి ఉందా? చైన్ ఎండిపోయిందా? పాత కారుకైతే టైమింగ్, కార్బురేటర్ సరిగ్గా ఉన్నయా? బావ బండికి టైమింగ్ వెనకబడి ఉందని తర్వాత తేలింది. సగం బద్ధకం అక్కడే పోయింది. గేరు మార్చింది మిగిలిన సగానికి.

మార్చినంక మొదటి వారం కొత్త బండి అనుకోండి. ఓవర్‌టేక్‌కు దిగే ముందు ఖాళీ రోడ్డు మీద ఏ గేరులో ఏ స్పీడు దాకా పోతదో చూసుకోండి. బైక్ రేషియో మారిస్తే ఇంట్ల ఆ బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. తమ్మునికి, బాపుకు, బండి అడిగి తీసుకపోయే దోస్తుకు కూడా. మీ చెయ్యికి తెలిసిన లెక్క వాళ్ల చెయ్యికి తెల్వదు. లేచే స్పీడు పెరిగిందంటే ఆగే పని కూడా పెరిగింది. బ్రేకులు చూసుకోకుండా పికప్ జోలికి పోవద్దు.

నా బైక్ సంగతి అడుగుతరు. ఆ బస్సు ముచ్చట అయిన తెల్లారే 12 పళ్ల స్ప్రాకెట్ పీకి, పాతది ఎక్కించిన. గుట్ట మళ్లా రెండో గేరులోనే ఎక్కింది. దోస్తులు మళ్లా నవ్విన్రు. తమ్ముడు మాత్రం వెనక కూర్చున్నడు, నాకు అది చాలు అనిపించింది.

ఈ వారం పని ఇదే. మీ బండి పళ్లు లెక్కపెట్టి, రేషియో ఎంత వచ్చిందో, మీరు రోజూ నడిపే రోడ్డు ఏదో కామెంట్‌లో రాయండి. మార్చాల్నా వద్దా అనేది ఆ రెండు నంబర్లు చూసి మాట్లాడుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో స్కూటీ వేరియేటర్ రోలర్లు విప్పి చూపిస్తా. ఉంటా మరి, పైలం.